పాత సైకిలు జబ్బు

ఆ రోజుల్లో ఒక మనిషికి తిక్క ఉందా లేదా అన్నది ఇంట్లో వాళ్లే తేల్చేవారు. వంటింట్లోంచి అమ్మ ఒకసారి "దీనికి తిక్క" అంటే తిక్కే, దాని మీద అప్పీలు లేదు. ఇప్పుడు ఆ పెద్దరికం ఫోనుకి వెళ్లిపోయింది. మా చెల్లెలి కూతురు పొద్దున్న లేచి ముఖం కడుక్కోక ముందే తనకి ఏ మానసిక వ్యాధి ఉందో చూసుకుంటుంది. ఒక రోజు డిప్రెషను, ఇంకో రోజు బైపోలారు, పరీక్షలు దగ్గర పడితే ఏకాగ్రత లోపం. వాళ్లమ్మ తిడుతుంది గానీ నేను నోరెత్తను, ఎందుకంటే ఈ విద్యలో మా పిల్లకన్నా నేను చాలా సీనియర్ని. పాడేరు కొండల్లో సెల్ ఫోను అంటే ఇంకా వింతగా చూసే కాలంలోనే, నేను సైకోపాతునని కంప్యూటరు చేత తేల్పించుకుని, ఆ సంగతి నలుగురికీ చాటుకుని, దానివల్ల చావు గుమ్మం దాకా వెళ్లొచ్చినదాన్ని. (గుమ్మం దాటినవాళ్లు వేరే ఉన్నారు. వాళ్ల దగ్గరికి తర్వాత వస్తాను.)

నాకప్పుడు ఇరవై రెండేళ్లు. మాది విజయనగరం పక్క పల్లె. ల్యాబు కోర్సు చదివి, పాడేరు నుంచి జీపులో ఇంకా లోపలికి వెళితే వచ్చే ఒక చిన్న ఆసుపత్రిలో కాంట్రాక్టు ఉద్యోగంలో చేరాను. పని ఒక్కటే, మలేరియా. గూడేల్లో ఎవరికి జ్వరం వచ్చినా వాలంటీర్లు వాళ్ల వేలు సూదితో పొడిచి, గాజు పలక మీద రక్తం చుక్క పెట్టి, ఆరబెట్టి నాకు తెచ్చేవారు. దాన్నే స్లైడు అంటాం. నేను దానికి రంగు పట్టించి మైక్రోస్కోపులో చూసి పురుగు ఉందో లేదో చెప్పాలి. మొండి రకం పురుగు అని నేను చెబితేనే గట్టి మందు ఇచ్చేవారు. కొండమీద వాళ్లు నన్ను రగతమ్మ అనేవారు. పిల్లలు అన్నం తినకపోతే తల్లులు నా పేరు చెప్పి తినిపించేవారట. ఉద్యోగంలో నాకు దక్కిన గౌరవం అది.

నాకు చిన్నప్పట్నుంచీ ఒక లోటుంది. ఏడుపు రాదు. మా వైపు ఇంట్లో చావు జరిగితే ఆడవాళ్లు పోయినవాళ్ల గుణగణాలన్నీ రాగం తీసి ఏడవాలి. మా నాన్న పోయిన రోజు మా మేనత్తలు అలా రాగాలు తీస్తుంటే నేను వచ్చినవాళ్లందరికీ టీలు పోశాను. ఎవరికి చక్కెర తక్కువో, ఎవరికి ఎక్కువో అడిగి మరీ పోశాను. చూసి చూసి మా అమ్మ, "దీన్ది గుండి కాదు, గుండ్రాయి" అంది. తర్వాత ఆ మాట ఆవిడ మరిచిపోయింది. నేను మరిచిపోలేదు. కొండకి వచ్చిన మొదటి వానాకాలం జ్వరాలు బాగా ముదిరాయి. ఒక పొద్దున్న ఒక తండ్రి కొడుకుని భుజాన వేసుకుని వచ్చాడు. వేలి రక్తం తీసుకుని సూదిమందు సిద్ధం చేసే లోపే పిల్లాడు పోయాడు. తండ్రి భుజం మార్చుకుని వచ్చిన దారినే వెళ్లిపోయాడు. నేను ఆ స్లైడు చూసి, రాయవలసింది రాసి, చేతులు కడుక్కుని ఉప్మా తిన్నాను. రుచిగా ఉంది. మళ్లీ పెట్టించుకున్నాను. నాతో ఒకే క్వార్టర్లో ఉండే నర్సు (అందరికీ సిస్టరు, నాకూ సిస్టరే) గరిటె చేత్తో పట్టుకుని నావంక ఒక చూపు చూసింది. అప్పుడు పట్టుకుంది భయం. అమ్మ అన్నది నిజమేమో, నేను మనుషుల్లో చేరనేమో అని.

నెలకోసారి మాకు పాడేరులో మీటింగు. అక్కడ మైదానం నుంచి వచ్చిన ఒక షావుకారు కిరాణా కొట్టు వెనక, ఎండు చేపల బస్తాలు జరిపించి కొడుకు చేత ఇంటర్నెట్టు సెంటరు పెట్టించాడు. ఆ కుర్రాణ్ని మేం నెట్టు బాబు అనేవాళ్లం. రైల్వే ఉద్యోగాల నోటిఫికేషను చూద్దామని కూర్చున్నాను. అది రాకుండా పక్కన ఒక బొమ్మ మెరిసింది. మీరు సైకోపాతా, పరీక్షించుకోండి అని ఇంగ్లీషులో. సైకోపాత్ అంటే ఏమిటని అడిగితే, గుండె లేని మనిషి అన్నాడు నెట్టు బాబు. నా గుండె (ఉంటే) ఝల్లుమంది. నొక్కాను. నాది పదో తరగతి దాకా తెలుగు మీడియం. నెట్టు బాబు మాత్రం ఇంగ్లీషు తనకి కొట్టిన పిండి అని చెప్పి స్టూలు పక్కకి లాక్కున్నాడు.

మొదటి ప్రశ్న, మీకు సూపర్‌ఫిషియల్ ఛార్మ్ ఉందా అని. "చర్మం గురించండి" అన్నాడు నెట్టు బాబు, "పైపై చర్మం బాగుంటుందా అని." నాలో నలుగురూ మెచ్చుకునేది చర్మమొక్కటే కనక అవును అని పెట్టాను. ఇంపల్సివా అన్నది రెండోది. పల్సు అంటే నాడి, కొట్టుకుంటోందో లేదో చూసుకోమన్నాడు. కొట్టుకుంటోంది. అవును. మీరు కాలసా అన్నదానికి అతను తన అరచెయ్యి చూపించి, ఇవిగో ఈ కాయలండి అన్నాడు. రోజూ ఆసుపత్రి బోరింగు కొట్టి కొట్టి నా చేతులు కాయలు కాసి ఉన్నాయి. దానికీ అవునే. ఇక తర్వాత వచ్చిన ప్రశ్నకి అతని సాయం కూడా అక్కర్లేకపోయింది. మీది పారసైటిక్ లైఫ్ స్టైలా అని. ఆ కొండల్లో పారసైటు అన్న మాట నాకన్నా ఎక్కువసార్లు పలికిన మనిషి ఉండదు. మలేరియా పురుగుని మేం పిలిచే పేరే అది. పొద్దున్న లేస్తే పారసైటు, పడుకోబోతే కళ్ల ముందు పారసైటు. ఇది నా గురించే రాశారని ఒళ్లు జలదరించి, గట్టిగా అవును అని నొక్కాను. ఆఖరికి ఎర్రటి అక్షరాలొచ్చాయి. మీరు సైకోపాత్ అయ్యే అవకాశం చాలా ఎక్కువ, వెంటనే నిపుణులని కలవండి అని. నెట్టు బాబు స్టూలు కొంచెం వెనక్కి జరుపుకున్నాడు.

మీరు నమ్మరు గానీ, భయంతో పాటు నాకు కాస్త తృప్తి కూడా కలిగింది. ఇన్నాళ్లూ గుండ్రాయిని అనుకున్నదానికి ఒక ఇంగ్లీషు పేరుందన్నమాట. ఆ సాయంత్రమే సిస్టరుని కూర్చోబెట్టి సంగతంతా చెప్పాను. ఎప్పుడైనా నేను తేడాగా కనిపిస్తే జాలి చూపించొద్దు, గదిలో పెట్టి బయట గడియ వేసెయ్యి అని కూడా చెప్పాను. ఆవిడ నాకోసం ప్రార్థన చేసింది. ప్రార్థన అయ్యాక కత్తిపీట తీసుకెళ్లి తన మంచం కింద పెట్టుకుంది. నేనిక ఒక్కదాన్నే జబ్బుమనిషిగా ఉండలేక మిగతావాళ్లని కూడా చూడ్డం మొదలుపెట్టాను. ముట్టుకున్నదానికల్లా చేతులు కడుగుతుంది కాబట్టి సిస్టరుకి ఓసీడీ. ఒంటరిగా మాట్లాడుతుంటాడు కాబట్టి జీపు నడిపే మావయ్యకి స్కిజోఫ్రీనియా. (ఆయన జీపుతో మాట్లాడేవాడు. ఆ జీపు సంగతి తెలిసినవాళ్లెవరైనా మాట్లాడతారు, బతిమాలతారు కూడా.) మావయ్య ఆ పేరు విని, అంత పెద్ద జబ్బు తనకెక్కడిది, తనకున్నది గ్యాసే అన్నాడు.

మా వాలంటీర్లలో ఒకావిడని మేం కొండక్క అనేవాళ్లం. కొండవాగుని అక్కడ గెడ్డ అంటారు, ఆ గెడ్డ అవతలి గూడెం ఆవిడది. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట కాలుస్తూ, స్లైడ్ల పెట్టె చెంగున కట్టుకుని, వాన అనక ఎండ అనక దిగి వచ్చేది. ఆవిడకి అంకెలే వచ్చు, పేర్లు రాయలేదు. స్లైడు మీద అంకె వేసి, ఆ అంకె ఎవరిదో నోటితో చెప్పేది. ఎప్పుడూ తప్పు పోలేదని చెబితే కథలా ఉంటుంది గానీ, తెగ తప్పులు పోయేవి. ఒకసారి ఇద్దరు వియ్యంకుల స్లైడ్లు తారుమారు చేసి, జ్వరం లేనాయన చేత మాత్రలు మింగించింది. నా ముఖం చూసి ఏమైందని అడిగితే ఆవిడకీ చెప్పాను, నాకు సైకోపాత్ అని ఒక జబ్బుందని.

"పాత సైకిలా?" అంది.

కాదు, సైకోపాత్ అన్నాను. ఆవిడ చుట్ట నోట్లోంచి తీసి ఆలోచించింది. "పాతదైతే పారీ. ఈ ఎక్కుడు దిగుడుల్లో నీకు సైకిలెందుకే గుంటా? నడుసుకోనేవేటి?" అంది. ఎంత చెప్పినా ఆవిడ బుర్రకెక్కలేదు. రగతమ్మకి పాత సైకిలు ఒకటుందనీ, దాని బెంగతో పిల్ల చిక్కిపోతోందనీ గూడెమంతా చెప్పేసింది. ఆ తర్వాత ఏ సంతకి వెళ్లినా పసుపు, చింతపండు అమ్ముకునే ఆడవాళ్లు నన్ను ఆపి, సైకిలు ఎలా ఉందని జాలిగా అడిగేవారు. సర్దిచెప్పలేక, పరవాలేదనేదాన్ని.

రెండో వానాకాలం వచ్చింది. ఒక పొద్దున్న లేస్తూనే తల పగిలిపోతోంది, ఒళ్లు కాలిపోతోంది. రోజంతా జ్వరాలు చూసేదాన్ని, నాకొచ్చింది జ్వరమని నాకు తట్టలేదు. సైకోపాత్ ముదిరిందనుకున్నాను. మలేరియాలో మెదడుకి ఎక్కే రకం ఒకటుంది, ఎక్కితే మనిషి తిడతాడు, కొడతాడు, లేనివాళ్లతో మాట్లాడతాడు. ఇది నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న జవాబే. ఆ పూట టిఫిను పళ్లెం సిస్టరు మీదికి విసిరానట. సూదుల డబ్బా తీసుకుని వరండాలోకి వచ్చి కనిపించినవాళ్లందరి వేళ్లూ పొడిచానట. మావయ్యని రెండు వేళ్లకి పొడిచాను. ఆయన జబ్బు రెండు రకాలు కనక అని చెప్పానట. సిస్టరుకి నేను చెప్పి ఉంచిన మాట గుర్తొచ్చింది. ఇద్దరూ కలిసి నన్ను ల్యాబులోకి తోసి బయట గడియ వేశారు. సిస్టరు వరండాలోనే మోకాళ్ల మీద కూర్చుంది. పాపం, ఆవిడని ఏమనగలను? నేను చెప్పినట్టే చేసింది.

లోపల స్టూలు మీద మా నాన్న కూర్చుని టీ అడిగాడు. చక్కెర ఎంత వెయ్యాలని అడిగాను. అది బాగా గుర్తుంది. తర్వాత అలవాటు నన్ను లాక్కుపోయింది. ఎదురుగా సూది ఉంది, గాజు పలక ఉంది, రంగు సీసా ఉంది. పొడవడానికి వేరే వేలు దొరక్క దగ్గరున్న వేలు పొడిచాను. ఆరబెట్టాను, రంగు పట్టించాను, కడిగాను, మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను. చిన్న చిన్న ఉంగరాల్లా కనిపిస్తాయి అవి. ఎటు జరిపినా ఉంగరాలే. నాకు ఎవరిమీదో చచ్చేంత కోపం వచ్చింది, ఇంత ముదిరిందాకా ఈ మనిషిని ఇంట్లో పెట్టుకుని ఏం చేస్తున్నారని. అప్పుడే కొండక్క తన స్లైడ్లు పట్టుకుని వచ్చి, తలుపు వేసి ఉండడం చూసి కిటికీ దగ్గరికొచ్చింది. ఈ స్లైడు మనిషి బతకదు, వెంటనే పాడేరు దించండి అని నేను లోపలి నుంచి కేకలు పెట్టాను.

"ఎవుల్దమ్మా అది?"

"పేరు రాయలేదు. మీ వాలంటీర్లకి బుద్ధి లేదు," అన్నాను.

కొండక్క నన్ను పైనుంచి కిందికి చూసింది. నా ఎడమ చేతి వేలి రక్తం మోచేతి దాకా కారి ఉందట. ఆవిడ వరండా వైపు తిరిగి, "సిస్టరమ్మా, గెడి తియ్యి. అది దీన్దే," అంది.

జీపులో నా తల ఆవిడ ఒళ్లో ఉంది. దారిలో ఆవిడ చెయ్యి కొరికేశాను. పాడేరులో డాక్టరు ఏమైందని అడిగితే ఆవిడ తడుముకోకుండా, "పాత సైకిలు జబ్బండి బాబూ. మాకెప్పుడో సెప్పింది," అందని తర్వాత మావయ్య చెప్పాడు. అక్కడ సూదులేసి, ఘాట్ రోడ్డు దింపి విశాఖ పెద్దాసుపత్రికి పంపారు. వారాలకి వారాలు అక్కడే ఉన్నాను. తెలివి వచ్చాక, పక్క వార్డు నుంచి వచ్చిన ఒక కుర్ర డాక్టరుని పట్టుకుని నా అసలు జబ్బు సంగతి చెప్పాను. ఏ ప్రశ్నకి ఏం పెట్టావని అడిగాడు. చర్మం, నాడి, కాయలు అన్నీ వరసగా చెప్పాను. అతను మంచం కమ్మీ పట్టుకుని నవ్వాడు. కాయలు చేతికి కాదమ్మా, గుండెకి అన్నాడు. పారసైటిక్ అంటే ఇంకొకళ్ల మీద పడి బతకడమని చెప్పి, నీ జీతం నువ్వే తెచ్చుకుంటున్నావా అని అడిగాడు. వచ్చినప్పుడు నాదే అన్నాను. అయితే నువ్వు పారసైటువి కాదు ఫో అన్నాడు. అంత సంతోషం నాకు మళ్లీ కలగలేదు. మనుషుల్లో నన్ను మళ్లీ కలిపేశారనుకున్నాను. కొండెక్కగానే ముందు కొండక్కకి చెప్పాలనుకున్నాను, నాకు ఆ సైకిలు లేదని.

తిరిగి వెళ్లేసరికి వానలు ఇంకా పడుతూనే ఉన్నాయి. ల్యాబులో నా బల్ల మీద స్లైడ్ల పెట్టెలు పేర్చి ఉన్నాయి. నేను లేనన్నాళ్లూ వచ్చినవన్నీ చూసేవాళ్లు లేక అలాగే ఉండిపోయాయి. సిస్టరు ముందు టీ తాగమంది. కొండక్క రాలేదేం అని అడిగాను. ఆవిడ నావంక చూడకుండా పెట్టెల వైపు చూసింది. నాకు అర్థమైంది, కానీ అర్థం కానట్టే కూర్చుని పాత వాటి దగ్గర్నుంచి చూసుకుంటూ వచ్చాను. ఆ గూడెం పెట్టెలో ఆఖరి స్లైడు మీద అంకె లేదు. కొండక్కకి రాయడం వచ్చిన అంకెలన్నీ వేరేవాళ్లవి. తన వేలు తనే పొడుచుకుని, తన స్లైడుకి ఏమని రాయాలో తెలియక ఊరుకుంది. చేతిలో ఉన్న మామూలు మాత్రలు మింగిందట, వాటికి లొంగే రకం కాదు అది. మనిషి ముదిరాక డోలీ కట్టి బయల్దేరదీస్తే గెడ్డ పొంగి ఉంది. నీళ్లు తీసేదాకా గట్టు మీదే ఆగారు. ఆవిడ ఆగలేదు.

ఆ స్లైడుకి రంగు పట్టించి చూశాను. నిండా ఉంగరాలే. చాలాసేపు చూశాను. రంగు బాగా పట్టిందని కూడా అనుకున్నాను, దేవుడి సాక్షిగా. పేరు రాసే చోట ఆవిడ అసలు పేరు రాశాను. ఏడుపు రాలేదు. నాకు బాధ కలిగింది, మోయలేనంత బాధ, ఈ మాట విడిగా చెబుతున్నానంటే నా ముఖం చూసి ఎవరూ కనుక్కోలేరు కాబట్టి. నువ్వుండి ఉంటే మాత్రం గెడ్డ ఆగేదా అని సిస్టరు అంది. మావయ్యా అదే అన్నాడు. నిజమే కావచ్చు. నేను ఉండి ఉంటే గెడ్డ పొంగకముందే ఆ స్లైడు చూసేదాన్నన్నది కూడా నిజమే, దాన్ని ఎవరూ అనలేదు.

మర్నాడు గూడేనికి వెళ్లాను. కొండక్క పెనిమిటి చూరు కింద కూర్చుని చిక్కుడు గింజలు వొలుస్తున్నాడు. నాకు చాప వేశాడు. నేనూ నాలుగు కాయలు తీసుకుని వొలవడం మొదలుపెట్టాను. సగం కాయలు అయ్యాక ఆయనే అడిగాడు.

"సైకిలు బాగయ్యిందేటమ్మా?"

నేను తలెత్తాను.

"గెడ్డ గట్టు మీద కూడా అదే అడిగింది. ఆ గుంటకి సైకిలు బాగయ్యిందో నేదో, ఒకసారి కనుక్కోండని. దానికదే బెంగ," అన్నాడు.

అలాంటి సైకిలు లేదని చెబుదామని వచ్చినదాన్ని. "బాగయ్యింది మావా" అన్నాను. ఆయన బుర్ర ఊపి, పోన్లే అన్నాడు. ఉన్న గింజలన్నీ వొలిచే దాకా కూర్చుని వచ్చాను.

మొన్న మా చెల్లెలి కూతురు తన జబ్బులన్నీ అయిపోయాక నామీద పడింది. పెద్దమ్మా, నువ్వు ఎప్పుడూ ఏడవవు, నిన్ను పరీక్ష చెయ్యాల్సిందేనని ఫోను నా చేతిలో పెట్టింది. ఇప్పుడు ఆ పరీక్ష తెలుగులో కూడా వచ్చేసింది, నెట్టు బాబు అక్కర్లేదు. చర్మం ప్రశ్న దగ్గర నాకు నవ్వొచ్చింది. (ఆ చర్మం కూడా ఇప్పుడు లేదు.) కిందికి వెళితే అది కనిపించింది, మీరు ఇతరుల మీద పడి బతుకుతున్నారా అని. ఈసారి మాటలకి అర్థం తెలుసు. జీపులో కొండక్క ఒడి గుర్తొచ్చి, అవును అని నొక్కాను. పిల్ల చూసి, తప్పు నొక్కావు పెద్దమ్మా, నువ్వు ఉద్యోగం చేసుకుంటున్నావు కదా అంది. తప్పు కాదులేవే అన్నాను. అన్నీ అయ్యాక మళ్లీ అవే ఎర్రటి అక్షరాలు. పిల్ల కంగారు పడి నా ముఖం వంక చూసింది. ఇరవై రెండేళ్ల రగతమ్మ కూడా అప్పుడు ఇలాగే కంగారు పడింది, పిచ్చిమొహం.

"భయపడకే," అన్నాను, "పాత సైకిలే. ఇంకా నడుస్తోంది."